గెలిచిన నాటి కన్నా ఓడిన నాడే ఎక్కువ ఓట్లు: జానారెడ్డి ఎన్నికల లెక్క

2009లో నాగార్జునసాగర్‌లో కాంగ్రెస్ నాయకుడు కుందూరు జానారెడ్డికి 67,958 ఓట్లు వచ్చాయి. గెలిచారు. 2018లో అదే నియోజకవర్గంలో 75,884 ఓట్లు వచ్చాయి. ఓడిపోయారు. అంటే గెలిచిన నాటి కన్నా 7,926 ఓట్లు ఎక్కువ తెచ్చుకుని మరీ ఓడారు. నల్లగొండ జిల్లాలో ఆయన ప్రస్తావన వస్తే మాట ‘ఏడుసార్లు ఎమ్మెల్యే’ దగ్గర మొదలై ‘చివర రెండుసార్లు దెబ్బతిన్నారు’ దగ్గర ఆగిపోతుంది. గెలుపోటముల జాబితా అంతవరకే చెప్తుంది. ఆ ఓట్లు ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ ఎదుటివాళ్ల ఓట్లు పెరిగాయో విప్పి చూస్తే వేరే కథ కనిపిస్తుంది. పాత ఓటు ఆయన్ని పెద్దగా వదిలిపోలేదు. కొత్త ఓటు ఆయన దగ్గరికి రాలేదు.

ముందు పోటీల వరుస చూడాలి. 1983లో తెలుగుదేశం తరఫున చలకుర్తి నుంచి గెలిచి సభలో అడుగుపెట్టారు. 1985లో మళ్లీ అదే పార్టీ, అదే సీటు, అదే ఫలితం. ఆ తర్వాత తెలుగుదేశం వదిలి కాంగ్రెస్‌లోకి వచ్చి 1989లో గెలిచారు. 1994లో తెలుగుదేశం అభ్యర్థి గుండెబోయిన రామ్మూర్తి యాదవ్ చేతిలో ఓడారు. 1999, 2004లో చలకుర్తిలోనే గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజనలో చలకుర్తి పేరు పోయి నాగార్జునసాగర్ వచ్చింది. అక్కడ 2009, 2014లో గెలుపు, 2018లో, 2021 ఉప ఎన్నికలో ఓటమి. 1983 నుంచి లెక్కేస్తే పది పోటీలు, ఏడు గెలుపులు, మూడు ఓటములు.

ఈ వరుసను రాష్ట్రంలో ఆ ఏడాది వీచిన గాలితో పోల్చి చూడాలి. 1983, 1985లో ఎన్టీఆర్ ప్రభంజనం. 1989లో కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వచ్చింది. 2004లో, 2009లో వైఎస్ నాయకత్వంలో కాంగ్రెస్‌దే రాష్ట్రం. ఈ ఐదుసార్లూ జానారెడ్డి గాలి వాలున ఉన్నారు, ఐదుసార్లూ గెలిచారు. మిగిలిన సార్వత్రిక ఎన్నికలు నాలుగు. 1994లో కాంగ్రెస్‌కు 294 సీట్లలో 26 మాత్రమే దక్కిన ఏడాది ఓడారు. 1999లో తెలుగుదేశం 180 సీట్లతో అధికారం నిలబెట్టుకున్నా చలకుర్తిలో గెలిచారు. 2014లో తెలంగాణలో టీఆర్ఎస్ 63 సీట్లు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే, కాంగ్రెస్ తెచ్చుకున్న 21 సీట్లలో ఆయనది ఒకటి. 2018లో టీఆర్ఎస్ 88కి చేరింది, కాంగ్రెస్ 19కి పడింది, ఆయనా ఓడారు. ఎదురుగాలిలో నాలుగు పోటీలకు రెండు గెలుపులు. ఒక ఎమ్మెల్యే సొంత బలం ఎంతో చెప్పే అంకె ఇదే. గాలి ఉన్న ఏడాది గెలుపులో పార్టీ వాటా ఎంతో, మనిషి వాటా ఎంతో విడదీయడం దాదాపు అసాధ్యం. ‘ఏడుసార్లు’ అనే మాటకు ఉన్న బరువు కన్నా 1999, 2014 గెలుపులకు ఉన్న బరువు ఎక్కువ.

చలకుర్తి, సాగర్ రెండూ ఒకటే అనుకుని 1983 నుంచి 2021 వరకు ఓట్లను ఒకే గీత మీద పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అది తప్పు. పునర్విభజనలో నియోజకవర్గం పేరుతో పాటు హద్దులూ మారాయి. గుర్రంపోడు, నిడమనూరు, పెద్దవూర, అనుముల, త్రిపురారం మండలాలతో సాగర్ రూపుదిద్దుకుంది. 2016లో మండలాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు తిరుమలగిరి (సాగర్) విడిగా మండలమైంది, కొన్ని ఊళ్లు మాడుగులపల్లి కిందికి వెళ్లాయి. మండలాలు మారినా అసెంబ్లీ నియోజకవర్గం హద్దు మాత్రం 2009 ఎన్నికలకు ముందు గీసినదే. అందుకని ఓట్లను ఓట్లతో పోల్చాలంటే 2009 నుంచి మొదలుపెట్టాలి. అంతకు ముందు వాటికి గెలిచారా, ఓడారా అన్నంత వరకే విలువ ఇవ్వాలి.

ఇక అసలు లెక్క. 2009లో జానారెడ్డికి 67,958, తెలుగుదేశం అభ్యర్థి తేరా చిన్నపరెడ్డికి 61,744. మెజారిటీ 6,214. అప్పుడు తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం మహాకూటమిగా పోటీ చేశాయి. ప్రతిపక్షం ఓటు చాలావరకు ఒక్క అభ్యర్థి వెనక్కి చేరింది, పోటీ బిగిసింది.

2014లో జానారెడ్డికి 69,684, టీఆర్ఎస్ అభ్యర్థి నోముల నర్సింహయ్యకు 53,208. మెజారిటీ 16,476. పైపైన చూస్తే అయిదేళ్లలో ఆయన బలం రెండున్నర రెట్లు పెరిగినట్టు ఉంటుంది. కాగితం మీద విడదీస్తే సంగతి వేరు. మెజారిటీ పెరిగింది 10,262. అందులో ఆయన ఓటు పెరిగింది 1,726 మాత్రమే. మిగతా 8,536 రెండో స్థానంలో ఉన్న ప్రత్యర్థి వైపు తగ్గిన ఓట్లు. కూటమి విడిపోయింది, తెలుగుదేశం వేరుగా నిలబడి మూడో స్థానంలో ఓట్లు చీల్చింది. సీపీఎం నుంచి టీఆర్ఎస్‌లోకి అప్పుడే వచ్చిన నర్సింహయ్య నకిరేకల్ మనిషి. 1999లో, 2004లో నకిరేకల్ ఎమ్మెల్యేగా పనిచేశారు. సాగర్ ఊళ్లలో ‘నాన్‌లోకల్’ ముద్ర ఆయన్ని వెంటాడింది. 2014 మెజారిటీని జానారెడ్డి పెరుగుదలగా చదివినవాళ్లు 2018 దెబ్బను ముందుగా పట్టుకోలేకపోయారు.

మెజారిటీ అనేది రెండు అంకెల మధ్య తేడా. రెండిట్లో ఏది కదిలినా అది మారుతుంది. అందుకే ఏ ఎమ్మెల్యే చరిత్ర చదివినా మెజారిటీ కాలమ్‌ను చేత్తో మూసి, ముందు ఆయన ఓట్ల కాలమ్ ఒక్కదాన్నే పైనుంచి కిందికి చదవాలి. ఆ తర్వాత రెండో స్థానం కాలమ్. చివరికి తేడా.

జానారెడ్డి కాలమ్ ఇలా ఉంటుంది: 67,958, 69,684, 75,884, 70,932. నాలుగు ఎన్నికలు, పన్నెండేళ్లు. అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య ఎనిమిది వేలు కూడా లేదు. రెండు గెలుపులు, రెండు ఓటములు ఆ ఇరుకు సందులోనే జరిగిపోయాయి. ప్రత్యర్థి కాలమ్ చూడండి: 61,744, 53,208, 83,655, 89,804. కదిలిందంతా అక్కడే.

ఇక్కడే ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. ఓట్లు డెబ్భై వేల దగ్గర నిలబడ్డాయి కాబట్టి బలం నిలబడిందనుకోవడం. ఓటర్ల జాబితా ఏటా పెరుగుతుంది. పోలైన ఓట్లు 2018లో దాదాపు 1.8 లక్షలు, 2021లో దాదాపు 1.9 లక్షలు. పెరిగే చెరువులో ఒక గట్టు మాత్రం అక్కడే ఉంటే నీళ్లు దాని మీదుగా దాటిపోతాయి. మొదటి రెండు స్థానాల ఓట్లు కలిపి, అందులో ఆయన వాటా తీస్తే ఇది స్పష్టమవుతుంది. 2009లో నూటికి 52.4. 2014లో 56.7. 2018లో 47.6. 2021లో 44.1. ఓట్ల సంఖ్య నిలకడగా ఉంది, వాటా మాత్రం 2014 తర్వాత ఏకంగా దిగింది.

2014 నుంచి 2018కి ఏం జరిగిందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే నిర్ణయం అక్కడే జరిగింది. మొదటి ఇద్దరి ఓట్లు కలిపితే 2014లో 1,22,892, 2018లో 1,59,539. పెరిగినవి 36,647. మూడో స్థానం వాళ్ల దగ్గర్నుంచి వచ్చినవి, కొత్తగా జాబితాలో చేరినవాళ్లవి, ముందు ఓటెయ్యని వాళ్లవి, అన్నీ ఇందులో ఉన్నాయి. ఈ 36,647లో జానారెడ్డికి దక్కినవి 6,200. నర్సింహయ్యకు దక్కినవి 30,447. నూటికి 17 ఇటు, 83 అటు. ఆయన 7,771 తేడాతో ఓడారు.

దీన్ని పొత్తు వైపు నుంచి చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2018లో కాంగ్రెస్, తెలుగుదేశం ఒకే కూటమిలో ఉన్నాయి. కాగితం మీద 2014 నాటి తెలుగుదేశం ఓటు జానారెడ్డి ఖాతాలో పడాలి. ఆయన ఓటు మొత్తంగా పెరిగిందే 6,200 అయినప్పుడు ఆ ఓటు పెద్దగా బదిలీ కాలేదని అర్థమవుతుంది. కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఈ ప్రాంతంలో ముప్పై ఏళ్ల పాటు తెలుగుదేశం కార్యకర్త అంటే జానారెడ్డికి ఎదురు నిలబడ్డవాడు. ఊళ్లో రెండు వర్గాలు, రెండు కండువాలు, పంచాయతీ ఎన్నికల్లో తలపడ్డ రెండు ఇళ్లు. పైన నాయకులు హైదరాబాద్‌లో చేతులు కలిపినంత మాత్రాన కింద ఊళ్లో చేతులు కలవవు. 1994లో ఆయన్ని ఓడించిన రామ్మూర్తి యాదవ్‌ది, 2018లో ఓడించిన నర్సింహయ్యది ఒకే సామాజికవర్గం. చలకుర్తి కాలం నుంచి ఆయనకు ఎదురుగా కూడుకునే ఓటుకు యాదవులు ఒక ఇరుసు. నర్సింహయ్య పార్టీ మారినా, నియోజకవర్గం పేరు మారినా ఆ ఇరుసు మారలేదు.

ఇది ఒక్క సాగర్ సంగతి కూడా కాదు. 2014లో నాగార్జునసాగర్ డ్యామ్ ఎడమ కాలువ ఆయకట్టు సీట్లు నాలుగూ, సాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, కాంగ్రెస్‌వే. ఉమ్మడి జిల్లా పైభాగంలో టీఆర్ఎస్ గెలుస్తుంటే కాలువ కింద కాంగ్రెస్ నిలబడింది. మిర్యాలగూడ ఎమ్మెల్యే మధ్యలోనే టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018లో హుజూర్‌నగర్ ఒక్కటే మిగిలింది, కోదాడ 756 ఓట్లతో పోయింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు, అదే ఏడాది మే నుంచి రైతుబంధు కింద ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. భూమి ఎక్కువగా సాగయ్యే చోట ఈ రెండూ నేరుగా ఇంటికి చేరాయి. పట్టా పుస్తకం ఉన్న ప్రతి ఇంటికీ ఎన్నికల ఏడాదిలో చెక్కు వచ్చింది. కాలువ నీళ్లు తెచ్చిన పాత పేరు ఒకవైపు, చేతికొచ్చిన చెక్కు ఒకవైపు. ఆయకట్టులో ఆ ఏడాది రెండోదే గెలిచింది.

సాగర్ అంతా ఆయకట్టే అనుకోవద్దు. పెద్దవూర, హాలియా, నిడమనూరు, త్రిపురారం వైపు ఎడమ కాలువ పారుతుంది. గుర్రంపోడు మెట్ట, అక్కడ ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) నీళ్ల కోసం ఎదురుచూపు. తిరుమలగిరి వైపు తండాల్లో ఎత్తు మీది భూములు కృష్ణ పక్కనే ఉండి కూడా ఎండుతాయి. డ్యామ్ కనిపించే దూరంలో ఉండి లిఫ్టు కోసం అడగాల్సి రావడం ఈ ఊళ్ల మనసులో ఎంత లోతుగా ఉందో తెలియకపోతే 2021 ఉప ఎన్నిక అర్థం కాదు. ఎన్ని ప్రభుత్వాలు మారినా తీరని ఆ బాధను ఎవరు మాట్లాడితే వాళ్లకు అక్కడ వినేవాళ్లు దొరుకుతారు.

నర్సింహయ్య 2020 డిసెంబర్ 1న మరణించారు. సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరగాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్ చెప్తుంది. ఆయన మరణానికి మూడు వారాల ముందే దుబ్బాక ఉప ఎన్నికలో టీఆర్ఎస్ 1,079 ఓట్లతో బీజేపీ చేతిలో ఓడింది. అందుకే సాగర్‌ను ఆ పార్టీ తేలిగ్గా తీసుకోలేదు. 2021 ఫిబ్రవరి 10న, ఎన్నికల షెడ్యూల్ రాకముందే, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నెల్లికల్ దగ్గర లిఫ్టు పథకాలకు శంకుస్థాపన చేసి హాలియాలో సభ పెట్టారు. ఏప్రిల్ 14న మళ్లీ అక్కడే సభ. మధ్యలో నర్సింహయ్య కొడుకు నోముల భగత్‌కు టికెట్ ఇచ్చారు. సానుభూతి, లిఫ్టు, ఇరుసు ఓటు మూడూ ఒకే అభ్యర్థి దగ్గర చేరాయి.

పోలింగ్ ఏప్రిల్ 17న. బరిలో 41 మంది. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 గుర్తులే పడతాయి. నోటాతో కలిపి 42 కాబట్టి ప్రతి బూత్‌లో మూడు యూనిట్లు పక్కపక్కనే పెట్టాల్సి వచ్చింది. అట్టపెట్టె చాటున నిలబడ్డ వృద్ధురాలికి ఇది ఎంత ఇబ్బందో పోలింగ్ ఏజెంట్లకు తెలుసు. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు మొదటి యూనిట్ పైభాగంలోనే వస్తాయి. స్వతంత్రులు కిందికి, రెండో మూడో యూనిట్లలోకి వెళ్తారు. డమ్మీ ఈవీఎం పట్టుకుని ఇంటింటికీ తిరిగి ‘మొదటి మిషన్, పైనుంచి ఇన్నో గుర్తు’ అని చూపించే పని చివరి మూడు రోజుల్లో చెయ్యని పార్టీకి ఇలాంటి చోట ఓట్లు పక్కకు పోతాయి.

ఫలితం మే 2న. భగత్‌కు 89,804, జానారెడ్డికి 70,932. మెజారిటీ 18,872. ఈ తేడాను కూడా విడదీయాలి. 2018తో పోలిస్తే మెజారిటీ 11,101 పెరిగింది. అందులో జానారెడ్డి పోగొట్టుకున్నవి 4,952, భగత్ కొత్తగా తెచ్చుకున్నవి 6,149. డెబ్భై నాలుగేళ్ల వయసులో, అధికారంలో లేని పార్టీ తరఫున, రాష్ట్ర ప్రభుత్వం మొత్తం ఒక్క సీటు మీద దిగిన ఉప ఎన్నికలో అయిదు వేలు కూడా జారకుండా డెబ్భై వేలు నిలుపుకోవడం చిన్న సంగతి కాదు. ఆ ఎన్నికను ‘జానారెడ్డి శకం ముగిసింది’ అని రాసినవాళ్లు ఈ అంకెను పట్టించుకోలేదు.

బీజేపీ లంబాడా సామాజికవర్గానికి చెందిన డాక్టర్ రవికుమార్ నాయక్‌ను నిలబెట్టింది. తండాల ఓటు గంపగుత్తగా కదులుతుందన్న అంచనా అది. వచ్చినవి 7,676. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి. ఇక్కడ అది ముప్పై ఒక్క వేల పైమాటే. డిపాజిట్ లెక్కలో నోటా ఓట్లు కలపరు. కానీ ఎన్నికల సంఘం ఇచ్చే ఓట్ల శాతం పట్టికల్లో నోటా కూడా కలిసే ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకుండా శాతాల నుంచి డిపాజిట్ లెక్క తీస్తే హద్దు మీద ఉన్న అభ్యర్థుల విషయంలో జవాబు తప్పుతుంది. అసెంబ్లీకి జనరల్ అభ్యర్థి డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000.

ఊరి వారీగా ఓటు ఎటు కదిలిందో తెలియాలంటే ఫారం 20 తియ్యాలి. రిటర్నింగ్ అధికారి సంతకంతో బూత్ వారీ ఓట్లు ఉండే తుది పట్టిక అది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అడ్డంగా అభ్యర్థులు, నిలువుగా బూత్ నంబర్లు, చివర్లో పోస్టల్ ఓట్లు. అందులో ఊరి పేరు ఉండదు, నంబరే ఉంటుంది. అదే ఏడాది పోలింగ్ కేంద్రాల జాబితా పక్కన పెట్టుకుని నంబరుకు ఊరు రాసుకోవాలి. వేరే ఏడాది జాబితా వాడితే లెక్క మొత్తం జారిపోతుంది. 2021లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కొవిడ్ కారణంగా బూత్‌కు వెయ్యి మంది ఓటర్లనే పరిమితి పెట్టారు, అదనపు బూత్‌లు పుట్టుకొచ్చాయి. 2018లో ఒకే బూత్‌గా ఉన్న ఊరు 2021లో రెండుగా కనిపిస్తుంది. ‘ఫలానా బూత్‌లో జానారెడ్డికి సగం ఓట్లు పోయాయి’ అన్న మాటల్లో చాలావరకు ఇదే పొరపాటు. ఊరి బూత్‌లన్నీ కలిపి ఊరిని ఊరితో పోల్చాలి, బూత్‌ను బూత్‌తో కాదు. అన్నీ కూడాక చివరి మొత్తం ఫారం 21ఇలో ప్రకటించిన ఓట్లతో సరిపోవాలి. స్కాన్ చేసిన కాగితాల్లో 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. ఎక్కడో ఒక గడి తప్పు పడితే ఆ మొత్తం దగ్గరే దొరుకుతుంది. లెక్కింపు రోజు టేబుల్ దగ్గర కూర్చున్న ఏజెంటు అయితే పోలింగ్ నాడు ఇచ్చిన ఫారం 17సి (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) కాపీని దగ్గర పెట్టుకుని మిషన్ చూపించిన మొత్తంతో పోల్చుకోవాలి.

ఇంకో చిక్కు నామినేషన్లది. ప్రధాన అభ్యర్థికి తోడుగా ఇంట్లోవాళ్లో, అనుచరుడో డమ్మీ నామినేషన్ వేస్తారు. ప్రధాన నామినేషన్ చెల్లితే డమ్మీది పరిశీలనలోనే పోతుంది. పత్రికల్లో అది ‘ఫలానా నాయకుడి నామినేషన్ తిరస్కరణ’ అని వస్తుంది. అది పోటీ కాదు, ఓటమీ కాదు. రికార్డులో చేర్చకూడదు.

మనిషి ఓటును, పార్టీ ఓటును విడదీసి చూపే ఉదాహరణ అదే జిల్లాలో ఇంకోటి ఉంది. మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డికి 2018లో కాంగ్రెస్ తరఫున 97,239 ఓట్లు. 2022లో రాజీనామా చేసి బీజేపీ తరఫున పోటీ చేస్తే 86,697. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 97,006తో గెలిచారు. కాంగ్రెస్ అభ్యర్థి పాల్వాయి స్రవంతికి 23,906 వచ్చి డిపాజిట్ పోయింది. ఏడాది తిరిగేసరికి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చి 1,19,624 ఓట్లతో గెలిచారు. ఆయన, కాంగ్రెస్ విడిపోయినప్పుడు వచ్చిన ఓట్లు కలిపితే 1,10,603. మళ్లీ కలిసినప్పుడు దాని కన్నా తొమ్మిది వేలు ఎక్కువ. మనిషి వెంట ఎంత వస్తుందో, పార్టీ గుర్తు దగ్గర ఎంత మిగులుతుందో ఇంత శుభ్రంగా చూపిన సీటు తెలంగాణలో అరుదు. జానారెడ్డికి 1989 నుంచి పార్టీ మారలేదు కాబట్టి ఆయన విషయంలో ఇలా విడదీసే అవకాశం లేకుండా ఉంది, 2023 దాకా.

2023లో ఆయన పోటీ నుంచి తప్పుకుని చిన్న కొడుకు జయవీర్‌రెడ్డిని నిలబెట్టారు. జయవీర్‌కు 1,19,831, భగత్‌కు 63,982. మెజారిటీ 55,849. తండ్రి పన్నెండేళ్లలో ఎన్నడూ దాటని 75,884 గీతను కొడుకు మొదటిసారే నలభై వేలకు పైగా దాటారు. దీన్ని కొడుకు సత్తాగా చదివితే 2014 మెజారిటీ విషయంలో జరిగిన తప్పే మళ్లీ జరుగుతుంది. 2021తో పోలిస్తే కాంగ్రెస్‌కు పెరిగినవి 48,899. భగత్ వైపు తగ్గినవి 25,822. ఆ తగ్గినవన్నీ ఇటే వచ్చాయనుకున్నా ఇంకా 23,077 మిగులుతాయి. అవి 2021లో చిన్నాచితకా అభ్యర్థుల మధ్య చెదిరిన ఓట్ల నుంచి, కొత్త ఓటర్ల నుంచి రావాల్సిందే. ఆ ఉప ఎన్నికలో మొదటి ఇద్దరికి కాక పోయిన ఓట్లు ముప్పై వేలకు కాస్త అటూ ఇటూ. ఏ కొత్త ఓటు తండ్రి దగ్గరికి రాలేదో, అదే ఓటు 2023లో కొడుకు దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది ఉమ్మడి నల్లగొండలో 12 సీట్లకు 11 కాంగ్రెస్‌వే, సూర్యాపేట ఒక్కటే బీఆర్ఎస్‌కు (టీఆర్ఎస్ కొత్త పేరు) మిగిలింది. గాలి వాలున వచ్చిన గెలుపు ఇది. 1983లో తండ్రి మొదటి గెలుపు కూడా అలాంటిదే.

2024 లోక్‌సభ ఎన్నికలో పెద్ద కొడుకు రఘువీర్‌రెడ్డి నల్లగొండ నుంచి 7,84,337 ఓట్లతో, 5,59,905 మెజారిటీతో గెలిచారు. రెండో స్థానంలో బీజేపీ అభ్యర్థి సైదిరెడ్డి, 2,24,432 ఓట్లతో. 2019 హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో ఇదే సైదిరెడ్డి టీఆర్ఎస్ తరఫున 43,358 మెజారిటీతో గెలిచిన మనిషి. ప్రత్యర్థి ఓటు రెండు పార్టీల మధ్య చీలినప్పుడు మెజారిటీ ఎలా ఉబ్బుతుందో 2014 సాగర్‌లో చిన్నగా చూసిందే ఇక్కడ పెద్దగా కనిపిస్తుంది. ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కో దానికి దాదాపు ఎనభై వేల ఆధిక్యం. ఇందులో కుటుంబం పేరుకు దక్కిన వాటా ఎంతో చెప్పడానికి ఈ అంకె పనికిరాదు. ఏడింటిలో ఆరు సెగ్మెంట్లకూ జానారెడ్డికీ నేరుగా సంబంధం లేదు.

మంత్రిగా ఆయన కాలం వేరే ఖాతా. ఎన్టీఆర్ మంత్రివర్గంలో, తర్వాత వైఎస్ దగ్గర 2004 నుంచి 2009 దాకా హోంమంత్రిగా, కిరణ్‌కుమార్‌రెడ్డి దగ్గర పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా మంత్రిగా పనిచేశారు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మావోయిస్టులతో జరిగిన చర్చల్లో ప్రభుత్వ పక్షాన కూర్చున్నది ఆయనే. 2014 నుంచి 2018 సెప్టెంబర్ 6న సభ రద్దయ్యేదాకా తెలంగాణ తొలి శాసనసభలో ప్రతిపక్ష నేత. ఈ పదవుల బరువుకూ ఓట్ల కాలమ్‌కూ నేరుగా పొంతన కుదరదు. హోంమంత్రిగా అయిదేళ్లు చేసి వచ్చిన 2009లో మెజారిటీ 6,214, అధికారం చేజారిన 2014లో 16,476. పెద్ద పదవి ఉంటే సొంత సీటు పదిలం అనే నమ్మకానికి ఈ రికార్డులో ఆధారం దొరకదు.

వచ్చే అసెంబ్లీ ఎన్నికల ఫలితాల రోజు సాగర్‌లో ముందుగా చూడాల్సింది జయవీర్ గెలిచారా, ఓడారా అన్నది కాదు, ఓట్ల కాలమ్. గాలి తగ్గినప్పుడు 1,19,831 నుంచి ఎంత దిగుతుందో, దిగి ఎక్కడ ఆగుతుందో. డెబ్భై వేల దగ్గర ఆగితే అది తండ్రి ఓటు. దానికి పైన ఎన్ని నిలబడతాయో అవే కొడుకువి.